పదేసి దెబ్బలు

మా నాయన డప్పు ముప్పయి రెండేళ్లు గోడకే ఉంది. 1985 ఆగస్టులో మేకుకి తగిలించాడు, 2017 డిసెంబర్లో దించాడు. దించింది ఊళ్లో పెద్దోళ్ల చావుకి కాదు, ఎలక్షన్ ఊరేగింపుకి కాదు. నా కంప్యూటర్‌కి దెబ్బలు నేర్పడానికి. ఈ మాట చెప్తే మన కవులు ఒక రకంగా నవ్వుతారు, కంప్యూటర్లు చదివిన పిల్లలు ఇంకో రకంగా నవ్వుతారు. నవ్వండి. నాకు రెండు పక్కలా చెప్పుకోవాల్సింది ఉంది.

మాది చీరాల దగ్గర పల్లె. అప్పటికి ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. 1985 జులై 17న కారంచేడులో పెత్తందార్లు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. తాగే నీళ్లు మురికి చెయ్యొద్దన్నందుకు మొదలైన గొడవ అది. బతికినోళ్లు చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు. మా నాయన రెండుసార్లు ఆ శిబిరానికి పోయి వచ్చాడు. ఏం చూశాడో ఇంట్లో చెప్పలేదు.

ఆ మరుసటి నెల్లో మా ఊరి పెద్దరైతు తల్లి చచ్చిపోయింది. పొద్దున్నే కబురొచ్చింది, డప్పు తీసుకొని రమ్మని. కబురంటే కూలి మాట్లాడుకోవడం కాదు. చావుకి డప్పు కొట్టడం, ఊళ్లో చాటింపు వెయ్యడం, చచ్చిన గొడ్డుని లాగడం, ఇవన్నీ ఎట్టి. తాత చేశాడు కాబట్టి నాయన చెయ్యాలి. నాయన పోలేదు. "వొంట్లో బాగాలేదని చెప్పు" అంది అమ్మ. "నేను బాగానే ఉన్నా, రానని చెప్పు" అన్నాడు నాయన. సాయంత్రం వచ్చి కొట్టారు. ఎన్ని దెబ్బలో లెక్కపెట్టే వయసు కాదు నాది, అయిదేళ్లు. వీపు మీద అమ్మ ఉప్పు కాపడం పెడుతుంటే ఆయన గోడ వైపు తిరిగి పడుకొని డప్పునే చూస్తూ ఉండడం గుర్తు. ఆ తర్వాత ఆయన దాన్ని ముట్టలేదు. మా పిల్లలమెవరం ముట్టకూడదు. మాదిగోడి కొడుకుని, నాకు డప్పు రాదు. ఆత్మగౌరవం అనే మాట మీద మనం సభల్లో గంటలు గంటలు మాట్లాడతాం. మా ఇంట్లో ఆ మాటకి అర్థం ఒక విద్య ఆగిపోవడం.

నేను ఇంటర్ తప్పి చీరాల్లో సౌండ్ సర్వీసు బండెక్కాను. బాక్సులు మొయ్యడం, మైకు తీగలు చుట్టడం, తిట్లు తినడం. పదేళ్లకి మిక్సర్ ముందు కూచునేదాకా వచ్చాను. తర్వాత హైదరాబాదు. పెళ్లిళ్లు, సభలు, రాజకీయ మీటింగులు, అన్ని కులాల గొంతులూ నా మిక్సర్లో నుంచే పోయాయి. 2016లో ఒక చిన్న హాల్లో డ్యూటీ పడింది. విదేశీ ఆవిడ ఒకరు, మన కుర్రాడొకడు, చెరో ల్యాప్‌టాప్. పాటా లేదు, వాయిద్యం లేదు. తెర మీద డబ్బాలు, డబ్బాల మధ్య గీతలు. గీత కలిపితే శబ్దం మారుతోంది, శబ్దం మారితే గోడ మీద బొమ్మ మారుతోంది.

నన్ను ఆపింది అది కాదు. ఆవిడ ల్యాప్‌టాప్ తెర మొత్తం వెనక గోడ మీద పెద్దగా కనపడుతోంది. పొరపాటున తీగ మారిందనుకొని పరిగెత్తాను. "మేడం, మీ లోపలి పనంతా జనానికి కనపడుతోంది" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. కనపడాలనే పెట్టానంది. ఈ ఆటగాళ్లలో అదొక కట్టుబాటు అని తర్వాత తెలిసింది. 2004లో జర్మనీలోని హాంబర్గ్‌లో కొందరు కూడి టాప్‌లాప్ అని ఒక గుంపు కట్టుకున్నారు. చేసే పని తెర మీద చూపించాలి, దాచుకోకూడదు అన్నది వాళ్ల నియమాల్లో ఒకటి. ఏకలవ్యుడి బొటనవేలు మీద మనం కావలసినన్ని పద్యాలు రాశాం, ఇంకోటి రాయను. ఆ రాత్రి తీగలు చుడుతున్నంతసేపూ ఆ గోడే కళ్లలో ఉంది.

సాఫ్ట్‌వేర్ ఎంతకి కొన్నావని ఆ కుర్రాణ్ణి అడిగాను. కొనక్కర్లేదన్నాడు. దొంగ కాపీ అనుకున్నా. కాదన్నాడు. దాని పేరు ప్యూర్ డేటా, పొట్టిగా పీడీ. రాసినాయన మిల్లర్ పకెట్ అనే అమెరికన్. ఆయనే 1980లలో పారిస్‌లోని ఇర్కామ్‌లో మ్యాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌కి పునాది వేశాడు. అది తర్వాత అమ్మకానికి పోయింది, ఇప్పటికీ డాలర్లు పెట్టి కొనుక్కోవాలి. 1990లలో మళ్లీ మొదట్నుంచి పీడీ రాసి, ఎవరైనా విప్పి చూసుకోండని వదిలేశాడు. దానికి బొమ్మలాడించే జెమ్ అనే అనుబంధం ఉంది, అదీ అంతే.

తొమ్మిది వేలకి పాత ల్యాప్‌టాప్ కొని అందులో లినక్స్ వేయించుకున్నాను. పగలంతా డ్యూటీ, రాత్రి పన్నెండు నుంచి మూడు దాకా చదువు. పీడీలో మనం కట్టేదాన్ని ప్యాచ్ అంటారు. ప్యాచ్ అంటే అతుకు. అతుకుల విద్య మాకు కొత్తా? మా తాత ఊరందరి చెప్పులకీ అతుకులేసినోడే. తెర మీద డబ్బా పెట్టి పేరు రాస్తే అది ఒక పనిముట్టు అవుతుంది. డబ్బాకీ డబ్బాకీ తీగ కలపాలి. మందం గీతలో శబ్దం పారుతుంది, సన్న గీతలో ఆజ్ఞలు పోతాయి. ఆజ్ఞల్లో అన్నిటికన్నా చిన్నది బ్యాంగ్. 'ఇప్పుడు చెయ్యి' అని దానర్థం. నేను మనసులో 'కొట్టు' అని చదువుకున్నాను.

ఏ డబ్బా మీదైనా మౌస్ కుడి బటన్ నొక్కి హెల్ప్ అంటే, దాని గురించి వ్యాసం కాదు, పనిచేసే ఒక చిన్న ప్యాచ్ తెరుచుకుంటుంది. దాన్నే తెంపి, మార్చి, పాడుచేసి నేర్చుకోవచ్చు. పక్కన కూచోబెట్టుకొని చేతులు చూపించే పెద్దోళ్ల పద్ధతి అది. నాకు ఇంగ్లీషు వ్యాసాలు కొరుకుడు పడలేదు గానీ ఈ పద్ధతి పడింది. నా ఇంటిపేరు అడగని మొదటి బడి అదే.

అట్లాగని ఇదంతా అందరికీ తెరిచిన తలుపు అని చెప్పను. లైసెన్సు తెరిచే ఉంది. ల్యాప్‌టాప్‌కి తొమ్మిది వేలు, రాత్రిళ్లు నిద్ర, ఆ ఇంగ్లీషు, ఇవి తెరిచి లేవు. ఇంకోటి, మన అక్షరం. జెమ్‌లో తెలుగు పేరు రాస్తే ఒత్తులు విడిపోయి గుణింతాలు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడ్డాయి. దాని లోపల అక్షరాలు గీసే భాగానికి ఒక్కో గుర్తునీ విడివిడిగా గియ్యడమే తెలుసు, కలపడం తెలీదు. రెండు వారాలు కొట్టుకున్నాను. చివరికి ప్రతి పేరునీ వేరే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో బొమ్మగా గీసి, ఆ బొమ్మని తెచ్చి పెట్టాను. స్వేచ్ఛ గురించి రాసిన సాఫ్ట్‌వేర్‌లో 'స్వేచ్ఛ' అన్న మాటే సరిగ్గా పడదు!

నగరంలో ఒక శిక్షణ తరగతికి పోయాను, మూడు రోజులు. అక్కడ అందరికీ శబ్దాల ఫోల్డర్ ఒకటి పంచారు. అందులో 'ట్రైబల్ డ్రమ్' అని ఒక ఫైలు. నొక్కితే డప్పు. గట్టిగా కాగిన డప్పు, ఎవరో చెయ్యి తిరిగినోడు కొట్టింది. ఎవరు కొట్టారని అడిగాను. నేర్పే ఆయనకి తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఫ్రీ శాంపిల్ అన్నాడు. మద్దెలకి మద్దెల అని పేరుంది, తబలాకి ఉస్తాదు పేరు కూడా ఉంది. మాదిగోడి చేతికి ఫైలు నంబరు. ఆ రాత్రే అనుకున్నాను, నా ప్యాచ్‌లో దెబ్బ పడితే అది మా నాయన దెబ్బే కావాలని.

అడగడానికి నెల పట్టింది. పండక్కి పోయినప్పుడు అమ్మ చేత అడిగించాను. నాయన అన్నం తింటూ అన్నాడు: "ఎవరి చావుకి?"

"చావుకి కాదు నాయనా. అంబేద్కర్ జయంతికి మన పల్లెలోనే. నువ్వు కొడితే గోడ మీద బొమ్మలు కదుల్తయ్."

"నేను కొట్టకపోతే?"

"కదలవు."

ఆయన చేతులు కడుక్కొని బయటికి పోయాడు. రెండో రోజు పొద్దున లేచి చూస్తే మేకు ఖాళీగా ఉంది. తోలు ఎప్పుడో పగిలిపోయింది, వేపకర్ర చట్రం మాత్రం గట్టిగా ఉంది. కొత్త తోలు తెచ్చి, చింతగింజల జిగురు కాచి, ఆయనే మూశాడు. అమ్మ నాతో మెల్లగా, "ముప్పయ్యేళ్ల నుంచి రాత్రిళ్లు మంచంపట్టె మీద వేళ్లు ఆడిస్తానే ఉన్నాడ్రా, నువ్వు జూళ్లేదు" అంది.

పీడీలో బాంక్ అనే డబ్బా ఉంది. దెబ్బల్ని పట్టుకోవడమే దాని పని. లోపలికొచ్చే శబ్దాన్ని పదకొండు స్థాయిలుగా, బరువు నుంచి సన్నం దాకా, విడగొట్టి చూస్తుంది. ఎక్కడైనా శక్తి ఒక్కసారిగా పెరిగితే దెబ్బ పడిందని చెప్తుంది. అంతే కాదు, ఏ దెబ్బో కూడా పోల్చుకుంటుంది. కాకపోతే ముందు నేర్పాలి. ఒక్కో రకం దెబ్బనీ పదేసిసార్లు కొట్టి చూపించాలి. నాయన అయిదు రకాలు చెప్పాడు: సిర్రతో నడిమిట్లో, సిర్రతో అంచున, చిటికెనపుల్ల ఒక్కటే, రెండూ కలిపి, అరచేత్తో తోలుని నొక్కిపట్టి. అయిదు పదులు యాభై.

మొదటిరోజు మైకు పెట్టాను. ఆరో దెబ్బ దగ్గర అమ్మ చేతిలో గిన్నె జారింది. బాంక్ దాన్ని ఏడో దెబ్బగా రాసుకుంది. మరిచిపొమ్మని దానికొక ఆజ్ఞ ఉంది, మరిపించి మళ్లీ మొదలుపెట్టాం. బాక్సు పెడితే బాక్సులో వచ్చిన శబ్దమే మళ్లీ మైకులోకి పోయి దెబ్బకి దెబ్బ పుట్టి పిచ్చెత్తినట్టు కొట్టుకుంది. హైదరాబాదు పోయి కోఠి గుజరాతీ గల్లీలో పీజో బిళ్లలు తెచ్చాను, రూపాయి బిళ్లంత రేకు ముక్కలు, చట్రానికి అంటిస్తే కర్ర అదురునే పట్టుకుంటాయి. వేడి జిగురుతో అంటించాను. నాయన డప్పు కాచడానికి మంట దగ్గర పెట్టగానే జిగురు కరిగి బిళ్ల బూడిదలో పడింది. "సదువుకున్నోడివి, డప్పుని మంట కాడ పెడతారని తెలీదా?" అన్నాడు. గుడ్డపీలికతో కట్టాం.

అసలు కష్టం వేరే. సాయంత్రం అయిదు రకాలూ చక్కగా పోల్చుకున్న బాంక్, రాత్రి తొమ్మిదింటికి సిర్ర దెబ్బని అరచేతి దెబ్బ అనడం మొదలుపెట్టింది. ప్యాచ్ అంతా వెతికాను. అర్ధరాత్రి దాకా తప్పు దొరకలేదు. నాయన మంచం మీద నుంచే అన్నాడు: "కాగిన డప్పుకీ సల్లారిన డప్పుకీ తేడా నీ డబ్బాకి తెలీదేమో." అదే. నేర్పింది కాగిన తోలు మీద, మంచులో తోలు సడలి గొంతు దిగిపోయింది. మర్నాడు చల్లారిన డప్పుతో ఇంకో యాభై దెబ్బలు నేర్పి రెండో పట్టీ చేసుకున్నాను, వేళని బట్టి మార్చుకోవడానికి. పీడీ పుస్తకాల్లో డప్పు మంట గురించి ఎవరు రాస్తారు? మనమే రాసుకోవాలి.

చావు దరువు కూడా ఒకసారి కొట్టు నాయనా, రికార్డు చేసి ఉంచుకుంటానన్నాను. సిర్ర కింద పెట్టాడు. "దెబ్బలిస్తా. దరువియ్యను" అన్నాడు. నేను మళ్లీ అడగలేదు.

2018 ఏప్రిల్ 14. మా పల్లె చర్చికి వెనక గోడ తెల్లగా సున్నం కొట్టాం, అదే తెర. అద్దెకి తెచ్చిన ప్రొజెక్టర్. పక్కనే నా ల్యాప్‌టాప్ తెర కూడా గోడ మీదే పడేట్టు పెట్టాను, డబ్బాలూ గీతలతో సహా. ఏమి దాచాలి మా వాళ్ల దగ్గర? ఫోటోలు ఇంటింటికీ తిరిగి పోగుచేసినవి: రేషన్ కార్డుల ముఖాలు, హాస్టల్ గ్రూపు ఫోటోలు, ఒక ముసలమ్మ అరచేతులు, పాడుపడ్డ లంద. సిర్ర దెబ్బకి ముఖం మారుతుంది. అంచు దెబ్బకి నలుపు తెలుపవుతుంది. చిటికెనపుల్ల మోగితే కారంచేడు ఆరుగురి పేర్లు, చుండూరు ఎనిమిదిమంది పేర్లు ఒక్కోటి పడతాయి. నేను బొమ్మలు చేసి పెట్టిన పేర్లు, ఒత్తులు చెదరకుండా.

నాయనకి అరవై అయిదు. ముందు మెల్లగా మొదలుపెట్టాడు. మూడో నిమిషంలో ఆయన చేతుల్లోకి ఎవరో దిగినట్టయింది. నా ల్యాప్‌టాప్ ఆ వేగం తట్టుకోలేదు. బొమ్మ ఆగిపోయింది, ఒక ఆడమనిషి ముఖం మీద. శబ్దం పోతోంది గానీ గోడ కదలడం లేదు. నేను చెమటలు కక్కుతూ తీగలు తెంపుతున్నాను. అదంతా గోడ మీద అందరికీ కనపడుతోంది, నా గాభరాతో సహా. నాయన ఆపలేదు. జనం బొమ్మ వైపు చూడ్డం మానేసి ఆయన చుట్టూ చేరారు. ఇంతలో జనంలోనించి ఒకామె, "మా అత్త! అది మా అత్త!" అని అరిచింది. ఆగిపోయిన ముఖం వాళ్లత్తది. చచ్చిపోయి ఇరవయ్యేళ్లు. నాలుగు నిమిషాలు ఆ ముసలమ్మ చర్చి గోడ మీద కదలకుండా ఉంది. తర్వాత నేను ఫోటోల సైజు తగ్గించి ఆ లోపం సరిచేశాను. సరిచెయ్యకుండా ఉంటేనే బాగుండేదని ఇప్పటికీ అంటారు మా వాళ్లు.

అసలు తగువు ఆ తర్వాత వచ్చింది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ పని చేసే మిత్రుడొకాయన, మంచివాడు, మనవాళ్ల సభలకి కూడా వస్తాడు, ప్యాచ్‌తో పాటు ఆ దెబ్బల రికార్డులు కూడా విడుదల చెయ్యమన్నాడు. నువ్వు నేర్చుకున్నదంతా ఎవరో వదిలితే వచ్చిందే కదా, నువ్వూ వదలాలి కదా అన్నాడు. న్యాయమైన మాటే. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ మొదలుపెట్టి, 1989లో జీపీఎల్ లైసెన్సు రాసి చెప్పింది ఇదే: ఏ పనికైనా వాడుకునే స్వేచ్ఛ, విప్పి చూసి మార్చుకునే స్వేచ్ఛ, పంచే స్వేచ్ఛ, మార్చింది పంచే స్వేచ్ఛ. నేను నాయనకి ఈ నాలుగూ వివరించాను. ఆయన మొదటి దాని దగ్గరే ఆగాడు.

"ఏ పనికైనా అంటే?"

"ఏ పనికైనా."

"ఎవరైనా?"

"ఎవరైనా నాయనా. ఆంక్ష పెడితే అది స్వేచ్ఛ కాదంటారు."

"ఆ ఇంటోళ్లు కూడానా?"

నేను మాట్లాడలేకపోయాను. ఇప్పుడు ఊళ్లో పెద్దోళ్ల చావులకి డీజే బాక్సుల బండి వస్తోంది. యాభై దెబ్బలు చేతికొస్తే ఎవడైనా ఏ దరువైనా అల్లుకుంటాడు. దరువియ్యనని సిర్ర కింద పెట్టిన మనిషి చేతులతోనే, ఆయనకి తెలియకుండా, ఆ ఇంటి శవం ముందు చావు దరువు మోగించొచ్చు. కబురు పంపే పని కూడా లేదు. వీపు పగలగొట్టే పని లేదు.

మిత్రుడికి ఇది చెప్తే, ఫ్రీ అంటే ఉచితం కాదు, స్వేచ్ఛ అని మళ్లీ మొదట్నుంచి చెప్పాడు. ఇంగ్లీషులో ఆ రెంటికీ ఒకే మాట కాబట్టి వాళ్లకి ఆ తంటా. తెలుగులో రెండు మాటలున్నాయి. మాకు మూడోది కూడా ఉంది, ఎట్టి. తరతరాలుగా మేం తోలు, చెప్పులు, డప్పు, ఒళ్లు, అన్నీ ఏ లైసెన్సూ లేకుండా ఊరికి ఇచ్చాం. ఎవరైనా, ఏ పనికైనా, ఎప్పుడైనా వాడుకున్నారు. ఇవ్వనన్న రోజు కొట్టారు. ఇవ్వడం నేర్చుకొమ్మని మాకు చెప్పేముందు ఆ లెక్క ఒకసారి చూడాలి.

అలాగని మిత్రుడి మాట కొట్టిపారెయ్యలేను. పకెట్ కూడా నాలాగే లెక్కలేసుకొని ఉంటే నా దగ్గర పీడీ ఉండేదా? ప్రతివాడూ తన అనుమానంతో తలుపేసుకుంటే నష్టపోయేది మళ్లీ తొమ్మిది వేలు లేనోడే. దీని మీద నాకు నిద్రపట్టని రాత్రులున్నాయి. 2019లో ప్యాచ్ మొత్తం జీపీఎల్ కింద వదిలేశాను, కాగిన డప్పు సంగతీ చల్లారిన డప్పు సంగతీ తెలుగులో రాసి పెట్టి. దెబ్బల రికార్డులు వదల్లేదు. అవి నావి కావు. సగం తలుపు తెరిచావని కొందరు ఎద్దేవా చేశారు. సగమే తెరిచాను.

2023లో పక్క పల్లె నుంచి ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు, డిగ్రీ చదివేవాళ్లు. ప్యాచ్ దించుకున్నారు, నడుస్తోంది గానీ దెబ్బల పట్టీ ఖాళీగా ఉంది, రికార్డులియ్యన్నా అని అడిగారు. నాయన వైపు చూశాను. డెబ్బై దాటాయి, చెవి సరిగా వినపడదు. ఏందంట వాళ్లకి అన్నాడు. గట్టిగా చెప్పాను.

"రికార్డులెందుకు? మనిషిని ఈడ పెట్టుకొని?" అన్నాడు. "మీ ఇంట్లో డప్పు ఉండాదా అమ్మా?"

తాతది ఉందంట, అటక మీద.

"దాన్ని కిందికి దించండి ముందు. ఈలోపల ఇవాళ్టికి నాది."

గడ్డి తెచ్చి మంట వేశాడు. చిన్నపిల్ల ల్యాప్‌టాప్ తెరిచి పీజో బిళ్లకి గుడ్డ చుడుతోంది. నాయన డప్పు మంట మీద తిప్పుతూ, వేలితో తోలు మీటి చూస్తూ అడిగాడు:

"ఎన్ని కావాలమ్మా?"

"పదేసి తాతా."